ఇటలీ ఎన్నికల లెక్కలన్నీ ఒకేచోట: ఎలిజెండో ఆర్కైవ్‌లో మారియో సేన్యి కోసం వెతికితే

ఇటలీ రాజకీయాలు అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు పుస్తకాలు తర్వాత చదువుకోవచ్చు, ముందు అక్కడి హోం శాఖ నడిపే ఎలిజెండో సైట్‌లోని పాత ఎన్నికల ఆర్కైవ్ తెరవండి. 1946లో రాచరికమా గణతంత్రమా అని జనాన్ని అడిగిన ఓటింగ్ దగ్గర్నుంచి పార్లమెంట్ ఎన్నికలు, యూరోపియన్ పార్లమెంట్ ఎన్నికలు, ప్రాంతీయ ఎన్నికలు, రెఫరెండాలు (ప్రజాభిప్రాయ సేకరణలు) అన్నీ అందులో ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు. కావాలంటే డేటా ఫైళ్లుగా దించుకుని మన దగ్గర పెట్టుకోవచ్చు కూడా. ఇలాంటి సేవకి రివ్యూ ఏంటి అనుకోకండి. వాడుకునేవాళ్లు ఉన్న ఏ సేవకైనా రివ్యూ ఉండాలి, పైగా దీన్ని వాడే పద్ధతి తెలిస్తే వచ్చే లాభం చాలా ఎక్కువ.

వాడి చూపించడానికి నేను ఒక్క మనిషిని ఎంచుకున్నాను. మారియో సేన్యి. సార్డీనియాలోని సాస్సరిలో 1939లో పుట్టాడు. తండ్రి ఆంతోనియో సేన్యి ప్రధానిగా చేసి, 1962లో దేశాధ్యక్షుడై, పక్షవాతం రావడంతో 1964 డిసెంబర్‌లో తప్పుకున్నాడు. కొడుకు న్యాయశాస్త్రం ప్రొఫెసర్, 1976 నుంచి క్రిస్టియన్ డెమోక్రసీ తరఫున ఎంపీ. ఇంత పెద్దింటి బిడ్డ, దశాబ్దాలుగా దేశాన్ని ఏలుతున్న పార్టీలో కూర్చుని, ఆ పార్టీని నిలబెట్టిన ఎన్నికల పద్ధతినే పడగొట్టాలని బయల్దేరాడు. ఈయన గురించి రాసినవి చదివితే ఒకరు హీరో అంటారు, ఇంకొకరు చేతికొచ్చిన అవకాశం జారవిడుచుకున్నవాడు అంటారు. లాటరీ తగిలాక టికెట్టు పారేసుకున్నాడని ఇటలీలో ఆయన మీద ఒక మాట ఉంది. నాకు ఆ మాట నచ్చదు. ఎందుకు నచ్చదో ఈ ఆర్కైవ్‌లోని పట్టికలు చూస్తే మీకే తెలుస్తుంది.

వాడకం తేలికే. ఎన్నిక రకం ఎంచుకోవాలి, తర్వాత తేదీ, తర్వాత ప్రాంతం. దేశం మొత్తం మీద మొదలుపెట్టి ప్రాంతం, జిల్లా, చివరికి ఒక్కో ఊరి దాకా దిగొచ్చు. రెఫరెండం అయితే పట్టికలో మొత్తం ఓటర్లు, ఓటేసినవాళ్లు, ఖాళీ బ్యాలెట్లు, చెల్లనివి, అవును, కాదు, ఇంతే. సైట్ ఇటాలియన్‌లో ఉంటుంది గానీ ఈ పదాలు ఒకసారి పట్టుకుంటే ఇక భాషతో పనిలేదు.

ముందు 1991 జూన్ 9 తీసుకోండి. సేన్యి వాళ్లు పెట్టించిన రెఫరెండం, ప్రశ్న ఒక్కటే. ఓటింగ్ 62.5 శాతం, అందులో అవును అన్నవాళ్లు 95 శాతం పైన. ఈ రెండు అంకెలు చూసి ఏదో ఏకగ్రీవం లాంటి వ్యవహారం అనుకుని ముందుకెళ్లిపోతే అసలు విషయం తప్పిపోతుంది. ఇటలీలో చట్టాన్ని రద్దుచేసే రెఫరెండం పెట్టాలంటే 5 లక్షల సంతకాలు కావాలి, ఫలితం చెల్లాలంటే ఓటర్లలో సగం మంది కంటే ఎక్కువ రావాలి. కాబట్టి గొడవంతా అవునా కాదా అన్నదాని మీద కాదు, జనం గడప దాటతారా లేదా అన్నదాని మీద. సోషలిస్టు నాయకుడు బెత్తినో క్రాక్సి ఆ ఆదివారం ఓటుకు పోకండి, హాయిగా సముద్రానికి పొండి అని జనానికి చెప్పాడు. జూన్ ఎండలు, సెలవు రోజు, అధికారంలో ఉన్న పార్టీల్లో చాలామందికి మనసులేని ప్రశ్న. అయినా 62.5. ఆ పట్టికలో చూడాల్సింది ఈ అంకెనే, 95 కాదు.

ఇంతకీ అడిగిందేంటంటే, దిగువ సభకి ఓటేసేటప్పుడు పార్టీని ఎంచుకున్నాక ఆ జాబితాలో నచ్చిన అభ్యర్థులని మూడు నాలుగు పేర్లతో సూచించే వీలు ఉండేది, దాన్ని ఒక్క పేరుకి తగ్గించడం. వినడానికి చాలా చిన్న సంగతి. కానీ ఈ మూడు నాలుగు పేర్లతో ఏం చేసేవాళ్లో తెలిస్తే ఒళ్లు మండుతుంది. పేరు బదులు జాబితాలో అభ్యర్థి నంబర్ రాసినా చెల్లేది. దాంతో ఊళ్లో పెత్తనం చేసేవాడు ఒక్కో ఇంటికి ఒక్కో నంబర్ల వరస ఇచ్చేవాడు, మీరు 4, 11, 2, 17 రాయండి, మీరు 11, 4, 17, 2 రాయండి అని. లెక్కింపులో తన మనిషి కూర్చుని ఆ వరసలు చదువుతుంటే విని, ఏ ఇల్లు మాట మీద నిలబడింది, ఏ ఇల్లు తప్పింది అని పట్టేసేవాడు. రహస్య ఓటు అన్నది పేరుకే మిగిలేది. అభ్యర్థులు కూడా ముగ్గురు నలుగురు ఒక జట్టు కట్టి ఒకరి ఓట్లు ఇంకొకరికి మళ్లించుకునేవాళ్లు. ఒక్క పేరే రాయాలంటే ఈ సంకేతాల ఆట అక్కడితో సరి.

నిజానికి సేన్యి బృందం మూడు ప్రశ్నలకి సంతకాలు సేకరించింది. 1991 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఈ ఒక్కదాన్నే అనుమతించి, సెనేట్ మీద, మునిసిపాలిటీల మీద వేసినవి రెండూ కొట్టేసింది. మిగిలిన చిన్నదాంతోనే వాళ్లు పోరాడారు. ఇక్కడ ఆర్కైవ్ మీద నాకున్న అసలు అభిప్రాయం చెప్పాలి: జరిగిన ఓటింగ్ ఇది చూపిస్తుంది, జరగనివ్వని ఓటింగ్ చూపించదు. కొట్టేసిన ప్రశ్నలకి పట్టిక ఉండదు కదా. అందుకే పక్కన ఇంకో సేవ పెట్టుకోమంటాను, దాని గురించి కింద చెప్తాను.

తర్వాత 1993 ఏప్రిల్ 18. ఆ రోజు మొత్తం ఎనిమిది ప్రశ్నలు ఉన్నాయి, తికమక పడకండి, మనకి కావాల్సింది సెనేట్ ఎన్నికల చట్టం. ఓటింగ్ 77 శాతం, అవును 82.7. మిగతా వాటిలో పార్టీలకి ప్రభుత్వ సొమ్ము ఆపేయాలన్న ప్రశ్నకి 90 శాతం పైన అవును వచ్చింది, ఏడాదిగా మిలాన్‌లో లంచాల కేసుల అరెస్టులు నడుస్తున్నాయి కాబట్టి జనం కడుపుమంట అక్కడ కనిపిస్తుంది.

సెనేట్ ప్రశ్న మాత్రం లాయర్ బుర్రకి తట్టాల్సిన పని. ఇటలీ రాజ్యాంగంలోని 75వ అధికరణం ప్రకారం రెఫరెండంతో ఉన్న చట్టంలో మాటలు తీసేయొచ్చు గానీ కొత్త మాట ఒక్కటి కూడా చేర్చడానికి లేదు. మరి తీసేయడంతోనే కొత్త పద్ధతి ఎలా తెస్తారు? సెనేట్‌కి 1948 నుంచే ఒక్కొక్కరిని ఎన్నుకునే నియోజకవర్గాలు కాగితం మీద ఉన్నాయి. కానీ నేరుగా గెలవాలంటే 65 శాతం ఓట్లు రావాలి. అంత ఎవరికొస్తాయి, దాదాపు ఎవరికీ రావు, రాకపోతే సీట్లన్నీ దామాషా లెక్కకి, అంటే పార్టీలకి వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతికి, పోయేవి. సేన్యి వాళ్లు అడిగింది ఆ 65 శాతం షరతు ఉన్న మాటలు కొట్టేయమనే. అవి పోగానే మిగిలిన చట్టం ప్రకారం ఎక్కువ ఓట్లొచ్చినవాడే సెనేటర్. మొత్తం 315 సీట్లలో 238 ఒక్కసారిగా మనకి అలవాటైన ఎన్నిక కిందకి వచ్చేశాయి. ఒక్క అక్షరం చేర్చకుండా! చట్టాలు చదివే అలవాటున్నవాళ్లు ఈ ముక్క దగ్గర కాసేపు ఆగండి, ఆయన రాజకీయ జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

దాని దెబ్బ వెంటనే తగిలింది. జూలియానో అమాతో ప్రభుత్వం దిగిపోయింది, బ్యాంక్ ఆఫ్ ఇటలీ గవర్నర్ చాంపి ప్రధాని అయ్యాడు, ఆగస్టులో పార్లమెంట్ రెండు సభలకీ కొత్త చట్టాలు చేసింది. నాలుగింట మూడొంతుల సీట్లు నేరుగా గెలిచేవి, మిగతావి దామాషాకి. ఆ చట్టాన్ని సభలో నడిపించింది సెర్జియో మత్తరెల్లా, 2015లో దేశాధ్యక్షుడైన ఆయనే.

ఇక్కడి దాకా సేన్యి పైకే ఎక్కుతున్నాడు. ఓటింగ్‌కి మూడు వారాల ముందు, 1993 మార్చి 29న, క్రిస్టియన్ డెమోక్రసీ నుంచి బయటికొచ్చేశాడు. అప్పుడు గనక ప్రధాని పదవికి ఎవరు తగినవాళ్లని అడిగితే ఆయన పేరు చెప్పేవాళ్లకి కొదవలేదు.

ఇప్పుడు ఆర్కైవ్‌లో 1994 మార్చి 27కి రండి, దిగువ సభ. ఈ ఎన్నికకి ఓటరుకి రెండు బ్యాలెట్లు ఇచ్చారు, కాబట్టి నియోజకవర్గాల ఫలితం వేరు, దామాషా జాబితాల ఫలితం వేరు, రెండూ విడివిడిగా చూడాలి. ఒకటే చూసి ఊరుకుంటే కథ సగమే తెలుస్తుంది. దామాషాలో సేన్యి సొంత జాబితా పాత్తో సేన్యికి 4.68 శాతం. సీట్లు రావాలంటే 4 శాతం దాటాలి, అంటే అంచు మీద బయటపడ్డాడు. పొత్తులో ఉన్న పాపులర్ పార్టీకి, అంటే పాత క్రిస్టియన్ డెమోక్రసీ కొత్త పేరుతో వచ్చినదానికి, 11 శాతం. రెండూ కలిపి దాదాపు 16 శాతం. ఇక నియోజకవర్గాల పట్టిక తెరిస్తే గుండె చెరువవుతుంది. మొత్తం 475 నియోజకవర్గాల్లో ఆ పొత్తు గెలిచినవి 4.

ఆ నాలుగులో సేన్యి లేడు. సొంత ఊరు సాస్సరిలో, తండ్రి పేరు తెలియని ఇల్లు లేని చోట, బెర్లుస్కోని కుడిపక్ష కూటమిలోని అలియాన్సా నాత్సియోనాలే (పాత ఫాసిస్టు పార్టీ వారసుల పార్టీ) అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. మళ్లీ సభకి వెళ్లగలిగింది దామాషా సీటుతో. ఏ పద్ధతి వద్దని ఐదారేళ్లు దేశమంతా తిరిగాడో ఆ పద్ధతిలో మిగిలిన ముక్కే ఆయన్ని కాపాడింది.

అందుకే టికెట్టు పారేసుకున్నాడన్న మాట నాకు నచ్చదన్నాను. ఎక్కువ ఓట్లొచ్చినవాడికే సీటు అనే పద్ధతిలో ప్రతి నియోజకవర్గంలో పోటీ ఇద్దరి మధ్యకి వచ్చేస్తుంది, మూడోవాడికి ఓటెన్ని వచ్చినా సీటు రాదు. ఇది సేన్యికి తెలియదా? అందరికంటే బాగా తెలుసు, కుడీ ఎడమా రెండే పక్షాలు ఉండాలి, జనం ఒక ప్రభుత్వాన్ని దించి ఇంకోదాన్ని ఎక్కించగలగాలి అన్నదే ఆయన వాదన. తీరా తను నిలబడాల్సి వచ్చేసరికి మధ్యలో నిలబడ్డాడు. ముందు వామపక్షం వైపున్న డెమోక్రటిక్ అలయన్స్‌తో కొన్నాళ్లు నడిచి బయటికొచ్చాడు. 1994 జనవరిలో ఉత్తరాది లీగ్ తరఫున మరోని వచ్చి ఒప్పందం చేసుకుంటే, రోజులు తిరక్కముందే లీగ్ నాయకుడు బోసి దాన్ని తోసిపుచ్చాడు. ఆ వారంలోనే, జనవరి 26న, బెర్లుస్కోని టీవీలో కనిపించి రాజకీయాల్లోకి వస్తున్నానన్నాడు. కుడివైపు కుర్చీ అక్కడితో నిండిపోయింది. ఎడమవైపు పాత కమ్యూనిస్టుల నాయకుడు ఒక్కెత్తో ఉన్నాడు. ఒక పక్కకి పోతే పాత కమ్యూనిస్టులతో కలవాలి, ఇంకో పక్కకి పోతే పాత ఫాసిస్టు పార్టీ వారసులతో కలవాలి. కాథలిక్ సంప్రదాయంలో పెరిగిన మితవాది మనస్సాక్షికి రెండూ కుదరలేదు. అది తప్పే అనొచ్చు, రాజకీయంగా తప్పే, కానీ అజాగ్రత్త మాత్రం కాదు.

ఇంకొన్ని పట్టికలు గబగబా చూసేయొచ్చు. 1996లో ఆయన పోటీ చేయలేదు. 1999లో దామాషాకి మిగిలిన ఆ పావు వంతు కూడా తీసేయాలని మళ్లీ రెఫరెండం పెట్టించాడు, ఏప్రిల్ 18నే, సరిగ్గా ఆరేళ్లకి. అవును 91.5 శాతం. ఓటింగ్ 49.6. సగానికి అర శాతం కూడా తక్కువలేదు, కానీ తక్కువే, కాబట్టి చెల్లలేదు. కొన్నాళ్లకే యూరోపియన్ ఎన్నికల్లో అలియాన్సా నాత్సియోనాలేతో కలిసి ఉమ్మడి జాబితా పెట్టి 10 శాతం దగ్గర ఆగాడు, తను మాత్రం ఎంపీ అయ్యాడు. అదే సాస్సరిలో తనని ఓడించిన పార్టీతో! 2000 మేలో అదే ప్రశ్న మళ్లీ వస్తే ఓటింగ్ 32 శాతానికి పడిపోయింది. 2004 యూరోపియన్ ఎన్నికల్లో ఆయన పెట్టిన చిన్న జాబితాకి అర శాతం.

2005లో బెర్లుస్కోని ప్రభుత్వం మత్తరెల్లా చట్టాన్నే తీసేసి, పార్టీ ఇచ్చిన జాబితాని ఉన్నదున్నట్టు ఒప్పుకోవాల్సిన పద్ధతి తెచ్చింది. ఓటరుకి ఒక్క పేరు ఎంచుకునే హక్కు కూడా లేదు. సేన్యి అప్పటికి డెబ్భైకి దగ్గర పడుతున్నాడు, మళ్లీ సంతకాల పుస్తకం పట్టుకున్నాడు. 2009 జూన్‌లో న్యాయశాస్త్ర ప్రొఫెసర్ జొవాన్ని గుజ్జెత్తాతో కలిసి పెట్టించిన ఓటింగ్‌కి నాలుగో వంతు జనం కూడా రాలేదు. 2011లో మరికొందరితో కలిసి అడిగితే 12 లక్షల సంతకాలు వచ్చాయి, 2012 జనవరిలో న్యాయస్థానం ఆ ప్రశ్నలని కొట్టేసింది. దీనికి ఆర్కైవ్‌లో వరస ఉండదు, పైన చెప్పిన కారణమే. 2014 మొదట్లో అదే న్యాయస్థానం ఆ చట్టంలోని ముఖ్యమైన భాగాలు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది.

ఈ పట్టికలు వరసగా చూశాక నాకు తోచింది ఒకటే. ఈయన ప్రశ్నకి జనం ఎప్పుడూ కాదనలేదు. 95, 82, 91, ఎప్పుడడిగినా అవును. ఈయన పార్టీకి ఎప్పుడూ ఓటెయ్యలేదు. 4.68, అర శాతం. ఒకే మనిషి, ఒకే దేశం. ఏ జీవితచరిత్ర చదివినా ఈ రెండు వరసలు పక్కపక్కన ఇంత స్పష్టంగా కనపడవు. ఇక్కడ పట్టికలు మాత్రమే ఉన్నాయి కాబట్టి ఎవరి వ్యాఖ్యానమూ అడ్డు రాదు.

రెఫరెండాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. రాజ్యాంగ సవరణల మీద జరిగే రెఫరెండాలు కూడా ఈ సైట్‌లోనే ఉంటాయి, వాటికి సగం మంది రావాలన్న నియమం లేదు. పార్లమెంట్ సీట్లని 400కీ 200కీ తగ్గించిన 2020 ఓటింగ్ ఆ కోవకి చెందినదే. ఓటింగ్ శాతం చూసి చెల్లిందా లేదా అని మీరే తేల్చుకునే ముందు అది ఏ రకమో చూసుకోండి.

ఇక పక్కన పెట్టుకోమన్న సేవ, రేడియో రాడికాలే సైట్‌లోని ఆడియో ఆర్కైవ్. మార్కో పన్నెల్లా రాడికల్ పార్టీ వాళ్లు 1970లలో మొదలుపెట్టిన రేడియో, పార్లమెంట్ సమావేశాలు, పార్టీల మహాసభలు, కోర్టు విచారణలు మొదటి నుంచి చివరి దాకా కత్తిరించకుండా వినిపిస్తుంది. మధ్యలో వ్యాపార ప్రకటనలు ఉండవు. అందులో మనిషి పేరుతో వెతికితే ఆ మనిషి మాట్లాడినవన్నీ తేదీల వారీగా వస్తాయి. ఆరు గంటల సభ తెరిచినా భయపడక్కర్లేదు, పక్కనే వక్తల పేర్లు వరసగా ఉంటాయి, కావాల్సిన పేరు నొక్కితే అక్కడి నుంచే మొదలవుతుంది. రాడికల్ పార్టీ తనంతట తనే ఒక్కొక్కరిని ఎన్నుకునే నియోజకవర్గాల కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది కాబట్టి ఈ ఉద్యమం సంగతులు అక్కడ బాగా దొరుకుతాయి. అవతలి పక్షం మాటలు కూడా పూర్తిగా ఉంచుతారు, అది వాళ్ల గొప్పతనం. ఇటాలియన్ కొద్దిగానైనా రాకపోతే దీనివల్ల లాభం తక్కువ, ఆ మాట ముందే చెప్పాలి.

రేటింగ్ ఇవ్వమంటే ఎలిజెండోకి 5కి 4.5. ఊరి స్థాయి దాకా అంకెలు దాచకుండా, డబ్బు అడక్కుండా జనం ముందు పెట్టినందుకే నాలుగు ఇచ్చేయొచ్చు. న్యాయస్థానం కొట్టేసిన ప్రశ్నలకి కనీసం ఒక చిన్న పేజీ అయినా ఉండి ఉంటే అయిదూ ఇచ్చేవాణ్ణి, ఎందుకంటే సేన్యి జీవితంలో సగం పోరాటం ఆ గుమ్మం దగ్గరే జరిగింది. రేడియో రాడికాలే ఆర్కైవ్‌కి 5కి 5, భాష వచ్చినవాళ్లకి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 1991, 1993, 1999, ఈ మూడు రెఫరెండాల ఫైళ్లు దించుకుని, ప్రాంతాల వారీగా ఓటింగ్ శాతం ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. ఉత్తరానికీ దక్షిణానికీ తేడా ఎంతో, 1999లో ఆ అర శాతం ఎక్కడ జారిపోయిందో వెతకడానికి అంతకంటే మంచి దారి లేదు.